యుద్ధం చేసొచ్చిన ఫ్లయర్ల మనసు: ఇంటివాళ్లకు ఇచ్చే కరపత్రంలో ఏం రాయాలి?

జాలహళ్లి సుధ అడిగారు:

నమస్కారమండీ. బెంగళూరులో జాలహళ్లి, యలహంక, విమానపుర వైపు ఉండే తెలుగు కుటుంబాల కోసం మా కౌన్సెలింగ్ బృందం నాలుగు పేజీల కరపత్రం తయారు చేస్తోంది. చదివేది ఎయిర్ ఫోర్స్‌లో ఉన్నవాళ్ల భార్యలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ తర్వాత మావాళ్ల దగ్గరికి ఈ రకం ప్రశ్నలు ఎక్కువగా వస్తున్నాయి. తెలుగులో వెతికితే దేశభక్తి వ్యాసాలు దొరుకుతున్నాయి, లేదంటే ఒత్తిడి తగ్గించుకునే పది చిట్కాలు. రెండూ మాకు పనికిరావు.

యుద్ధంలో పదాతి సైనికుడి మనసుకు తగిలే దెబ్బకీ ఎగిరేవాళ్లకు తగిలేదానికీ నిజంగా తేడా ఉందా? ఇంట్లోవాళ్ల కంటికి ముందు పడేది ఏది? డాక్టరుకి చెబితే ఫ్లయింగ్ పోతుందన్న మాటలో నిజం ఎంత? బెంగళూరులో, చెన్నైలో ఎవరి దగ్గరికి వెళ్లాలి? ధైర్యం చెప్పే మాటలు మేం రాసుకోగలం. లోపలి సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

---

విమానపుర డాక్ జవాబు:

తేడా ఉందండీ. జబ్బు అదే, అది పట్టుకునే దారి వేరు.

పదాతి సైనికుడు యుద్ధంలోనే తింటాడు, అక్కడే పడుకుంటాడు. ఫ్లయర్ గంటన్నర సార్టీలో (ఒకసారి పని మీద ఎగిరి రావడం) ప్రాణం అరచేతిలో పెట్టుకుని తిరిగొచ్చి, సాయంత్రానికి మెస్‌లో ఇస్త్రీ బట్టలతో భోజనానికి కూర్చుంటాడు. ఫోన్‌లో పిల్లవాడి హోంవర్కు గురించి మాట్లాడతాడు. తెల్లారితే డ్యూటీ బోర్డు మీద మళ్లీ తన పేరు. ఒంటిని రోజూ భయంలోకి దించి, రోజూ మామూలు మనిషిలా పైకి లాగడం చాలా అరగదీసే పని. పైగా కాక్‌పిట్లో పరిగెత్తడానికి లేదు, దాక్కోవడానికి లేదు, నేలకు అతుక్కుపోవడానికి లేదు. పట్టీలు బిగించి ఉంటాయి. గుండె ఎంత కొట్టుకున్నా రేడియోలో గొంతు మాత్రం మామూలుగా పలకాలి. ఆ గొంతుకు అలవాటు పడ్డవాడు ఇంటికొచ్చాక కూడా అదే గొంతుతో "ఏం లేదు, బానే ఉన్నా" అంటాడు. ఇంటివాళ్లు మోసపోయేది అక్కడే.

ఇదేం ఈనాటి సంగతి కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు, 1919లోనే, బ్రిటిష్ వైద్యులు ఎగిరేవాళ్ల ఈ మానసిక బాధకు ఏరోన్యూరోసిస్ అని పేరు పెట్టి రాశారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో దాదాపు 1,25,000 మంది ఎగిరితే 55,573 మంది తిరిగిరాలేదు. ఒక టూర్ అంటే, విశ్రాంతి ఇచ్చేలోపు పూర్తి చేయాల్సిన విడత, 30 దాడులు. ఇక నావల్ల కాదన్నవాళ్ల కోసం 1940లో లాక్ ఆఫ్ మోరల్ ఫైబర్ అనే ముద్ర పుట్టింది. అంటే సూటిగా పిరికివాడనే. ఆ ముద్ర పడితే రెక్కల బ్యాడ్జి పీకేసేవారు, హోదా పోయేది, స్టేషన్ మొత్తానికీ తెలిసేది. దాంతో జబ్బు తగ్గిందా అంటే లేదు, దాచుకోవడం పెరిగింది. నేటికీ ఫ్లయర్లు నోరు విప్పకపోవడానికి వేళ్లు అక్కడే ఉన్నాయని నా అభిప్రాయం.

అదే కాలంలో సిమండ్స్, విలియమ్స్ అనే ఇద్దరు న్యూరాలజిస్టులు బ్రిటిష్ వైమానిక దళంలోనే వేలమంది కేసులు పరిశీలించారు. ఏ పనిలో ప్రమాదం ఎక్కువో ఆ పనిలోనే మానసికంగా దెబ్బతిన్నవాళ్లు ఎక్కువగా తేలారు. మనిషి గట్టిదనానికి హద్దు ఉంది, మోసిన బరువును బట్టి ఎవరైనా ఆ హద్దుకు చేరతారు. అమెరికన్ ఎనిమిదో వైమానిక దళంలో టూర్ మొదట 25 మిషన్లు. 1944లో దాన్ని 30కి, ఆ తర్వాత 35కి పెంచారు. ఎన్ని మిషన్లన్నది ఒక ఎత్తు. మధ్యలో గమ్యం జరిపేయడం ఇంకో ఎత్తు, అది మనిషిని బాగా నలిపేస్తుంది.

ఇక గుర్తుల సంగతి. ఫ్లయర్ ఎప్పుడూ డాక్టరు దగ్గరికి "భయంగా ఉంది" అంటూ రాడు. సైనస్ అంటాడు, చెవి దిబ్బడ అంటాడు, చూపు మసగ్గా ఉందంటాడు, సార్టీకి ముందు కడుపు పాడవుతోందంటాడు. చెవీ ముక్కూ పరీక్ష చేస్తే ఏమీ ఉండదు, కానీ నొప్పి నిజమే. స్క్వాడ్రన్‌లో ఇంకోలా బయటపడుతుంది. ఇంజిన్ శబ్దం తేడాగా ఉందని సగం దారిలో వెనక్కి వస్తాడు, మెకానిక్ విప్పి చూస్తే లోపం కనబడదు. ఒకసారి జరిగితే సరే. మూడోసారి జరిగితే ఇంజిన్‌ని వదిలి మనిషిని చూడాలి. చెక్‌లిస్టులో ఒక అంశం దాటేయడం, ఒకే రేడియో కాల్‌ని రెండోసారి చెప్పించుకోవడం ఎక్కువగా నిద్ర కరువు లక్షణాలు. దీనికి తిరగబడ్డ రూపం కూడా ఉంది: అవసరం లేకపోయినా కిందికి దిగి ఎగరడం, తనకేమీ కాదన్నట్టు ఉండటం. ఆ ధైర్యాన్ని చూసి మెచ్చుకునే కమాండర్లు ఉంటారు. మెచ్చుకోకూడదు.

బాంబర్ కమాండ్ ఫొటోల్లో ఈ భయం కొలతల్లో కనబడింది. విమాన విధ్వంసక తుపాకుల మధ్య ఒకడు క్షణం ముందుగా బాంబు వదిలితే, వెనకవాడు ఆ మంటనే గుర్తు పెట్టుకుని ఇంకాస్త ముందుగా వదిలేవాడు. అలా దాడి సాగుతున్న కొద్దీ బాంబుల వరస లక్ష్యం నుంచి వెనక్కి పాకుతూ వచ్చేది. ప్లానింగ్ చేసేవాళ్లు చివరికి దాన్ని లెక్కలో కలుపుకుని లక్ష్యపు గుర్తును ముందుకు జరిపేవారు. భయాన్ని తిట్టడం మానేసి లెక్కలో వేసుకున్నారన్నమాట.

ఎజెక్ట్ అయినవాళ్ల (ప్రమాదంలో సీటుతో సహా విమానం బయటికి ఎగిరి తప్పించుకున్నవాళ్ల) సంగతి విడిగా రాయండి. సీటు పైకి ఎగిరే ఆ క్షణంలో వెన్ను మీద 15 జీ (మామూలు బరువుకు 15 రెట్లు), ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఛాతీ, నడుము కలిసే చోట వెన్నుపూస నలిగే ప్రమాదం ఎక్కువ కనుక వెన్ను స్కానింగ్ లేకుండా ఎవర్నీ వదలరు. ఆ నొప్పి వారాల తరబడి ఉంటుంది. రాత్రి పక్క మీద ఒత్తిగిలినప్పుడల్లా నొప్పి లేపుతుంది, లేవగానే ఆ క్షణం కళ్లముందుకొస్తుంది. నొప్పికి సరిగ్గా మందు పడకుండా పీడకలలకు చేసే వైద్యం సగమే పని చేస్తుంది.

మళ్లీ ఎగరడం గురించి రెండు ఉదాహరణలు ఇవ్వొచ్చు. వీళ్లకు మానసిక జబ్బు వచ్చిందని ఎవరూ అనలేదు, కరపత్రంలో అలా ధ్వనించకుండా చూసుకోండి. 1999 మే 27న కార్గిల్‌లో మిగ్-27 ఇంజిన్ ఆగిపోయి దూకి, బందీ అయి, జూన్ 3న విడుదలైన నచికేత తర్వాత ఫైటర్లు వదిలి రవాణా విమానాలు నడిపారు. 2019 ఫిబ్రవరి 27న మిగ్-21 బైసన్ నుంచి ఎజెక్ట్ అయిన అభినందన్ మార్చి 1న తిరిగొచ్చారు, ఆ ఏడాది ఆగస్టులో ఎగరడానికి మెడికల్ క్లియరెన్స్ వచ్చింది. ఆ పరీక్షలు జరిగేది మన పాత ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కన విమానపురలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లోనే. 1957 నుంచి ఉన్న సంస్థ. ఆ గేటు ముందునుంచి రోజూ వెళ్లేవాళ్లలో సగం మందికి లోపలేం జరుగుతుందో తెలీదు.

---

తాంబరం గ్రౌండ్ క్రూ జవాబు:

పైలట్ల గురించే రాస్తే మీ కరపత్రం సగం ఇళ్లకు పనికిరాదు. మన తెలుగువాళ్లు ఎయిర్ ఫోర్స్‌లో ఎక్కువగా ఉండేది టెక్నికల్ ట్రేడుల్లో: ఇంజిన్, ఎయిర్‌ఫ్రేమ్, ఆర్మమెంట్, రాడార్. వాళ్లు ఎగరరు కానీ దాడి వాళ్ల దగ్గరికే వస్తుంది. ఇప్పటి యుద్ధంలో మొదటి గురి ఎయిర్ బేస్ మీదే, డ్రోన్లైనా క్షిపణులైనా.

వీళ్ల బాధ ఎలా ఉంటుందంటే, విమానాన్ని సిద్ధం చేసి, ఫారం 700లో (విమానం తనిఖీ, మరమ్మతుల రికార్డు) సంతకం పెట్టి, ఆయుధాల సేఫ్టీ పిన్నులు పీకి పైలట్‌కి చేత్తో ఎత్తి చూపించి పంపిస్తారు. తర్వాత రెండు గంటలు చేసేదేమీ ఉండదు, ఆకాశం కేసి చూస్తూ లెక్కపెట్టుకోవడమే. నాలుగు వెళ్లి మూడు వస్తే ఆ క్షణంలోనే ఫారం 700 స్వాధీనం చేసుకుని సీలు వేస్తారు. అది ఎవరి మీదా అనుమానంతో చేసేది కాదు, ప్రతి ప్రమాదానికీ జరిగే పద్ధతి. కానీ చివరి సంతకం పెట్టినవాడికి విచారణ ముగిసేదాకా నిద్ర ఉండదు. "ఆ నట్టు బిగించానా?" అని రాత్రి రెండింటికి లేచి కూర్చుంటాడు. విచారణలో అతని తప్పు లేదని తేలినా ఆ ప్రశ్న దానంతటది పోదు. శకలాలు ఏరడానికి, అవశేషాలు సేకరించడానికి వెళ్లినవాళ్లకి వాసనతో వచ్చే చిక్కు ఇంకోటి. కాలిన కిరోసిన్ వాసన, మాడిన మాంసం వాసన. ఇంట్లో చికెన్ వేపుడు మానేసి, కారణం చెప్పలేకపోయేవాళ్లు ఉంటారు. బలవంతం చేయొద్దని ఆ ఒక్క వాక్యం రాయండి చాలు.

---

హోసూరు రోడ్డు సైకాలజీ జవాబు:

పై ఇద్దరూ చెప్పినదానికి వైద్యం వైపు నుంచి కలుపుతున్నాను.

ముందు కాలం లెక్క, ఎందుకంటే ఇళ్లల్లో ఇక్కడే తికమక పడతారు. దెబ్బ తగిలిన మొదటి వారం పది రోజులు నిద్రపట్టకపోవడం, ఉలిక్కిపడటం, అదే దృశ్యం తిరగడం దాదాపు ఎవరికైనా ఉంటాయి. అది జబ్బు కాదు, చాలామందిలో దానంతటదే సర్దుకుంటుంది. మూడు రోజుల నుంచి నెల లోపు లక్షణాలు గట్టిగా ఉండి పని సాగకపోతే అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్ అంటాం. నెల దాటినా తగ్గకపోతేనే పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, పెద్ద దెబ్బ తర్వాత మనసులో నిలిచిపోయే జబ్బు) మాట వస్తుంది. ఆ పేరు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ గ్రంథంలోకి 1980లో ఎక్కింది, వియత్నాం యుద్ధం ముగిసిన ఐదేళ్లకు. కొందరిలో ఆరు నెలల తర్వాత, బదిలీ అయి అంతా ప్రశాంతంగా ఉన్నప్పుడు పూర్తిగా బయటపడుతుంది. "అప్పుడు బానే ఉన్నాడు, ఇప్పుడేంటి?" అని ఆశ్చర్యపోనక్కర్లేదు.

లక్షణాలు నాలుగు గుంపులు. పాఠ్యపుస్తకం భాషలో రాస్తే ఎవరికీ అర్థం కాదు కాబట్టి ఇంట్లో కనబడే రూపంలో రాయండి. జరిగింది పీడకలగానో పగటి కలగానో తిరిగి రావడం. గుర్తు చేసేవాటిని తప్పించుకోవడం: టీవీలో వార్తలు రాగానే లేచి వెళ్లిపోతాడు, చనిపోయిన స్నేహితుడి ఇంటికి పరామర్శకు రాడు. మనసు మొద్దుబారడం: పిల్లల్ని ఎత్తుకోడు, పెళ్లికి రాడు, తప్పంతా తనదే అంటాడు. ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉండటం: హోటల్లో గోడకి వీపు ఆనించి, తలుపు కనబడే కుర్చీ చూసుకుని కూర్చుంటాడు, చిన్నమాటకి విరుచుకుపడతాడు. ఇంటివాళ్లు ముందుగా చూసేది దాదాపు ఎప్పుడూ కోపం, నిద్రే. భార్య కంప్లయింటు "ఈయన మారిపోయారు" అని మొదలవుతుంది.

వైద్యం మాటలతోనే మొదలు. మంచి ఆధారం ఉన్నవి ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ (భయపెట్టేదాన్ని మెట్లు మెట్లుగా ఎదుర్కోవడం), కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ (జరిగినదాని మీది ఆలోచనల్ని సరిచూసుకోవడం), ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదుపుతూ ఆ జ్ఞాపకాన్ని తలుచుకోవడం). మొదటిది 8 నుంచి 15 సెషన్లు, ఒక్కోటి 90 నిమిషాలు. రెండోది మామూలుగా 12 సెషన్లు. అంటే వారానికొకటి చొప్పున మూడు నెలల పని. మూడు, నాలుగు సెషన్ల దగ్గర లక్షణాలు కాస్త పెరుగుతాయి, మానేసేవాళ్లు అక్కడే మానేస్తారు. ఈ మాట ముందే చెప్పి పెట్టాలి. మా రంగంలో ఇదెందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

ఎక్స్‌పోజర్‌లో భయపెట్టేవాటిని 0 నుంచి 100 దాకా మెట్లుగా వేసుకుంటారు. ఫ్లయర్ అయితే ఆ మెట్లు ఇలా ఉండొచ్చు: ఫోన్‌లో జెట్ శబ్దం చిన్న వాల్యూమ్‌లో వినడం 25. యలహంక బేస్ ప్రహరీ బయట కారులో కూర్చుని టేకాఫ్‌లు చూడటం 40. ఇంజిన్ ఆపి ఉన్న కాక్‌పిట్లో పట్టీలు బిగించుకుని కూర్చోవడం 60. సిమ్యులేటర్లో ఆ రోజు పరిస్థితే మళ్లీ పెట్టడం 80. ఇన్‌స్ట్రక్టర్ వెనక సీట్లో ఉండగా పగటి సార్టీ 90. ప్రతి మెట్టు మీదా భయం సగానికి దిగేదాకా ఉండాలి, 30, 40 నిమిషాలు పట్టినా సరే. భయం పైన ఉండగా లేచి వచ్చేస్తే మరుసటిసారి ఆ మెట్టు ఇంకా ఎత్తవుతుంది. కింది మెట్లు ఇంటివాళ్లు తోడుండి చేయించొచ్చు, పైవి స్క్వాడ్రన్, డాక్టర్ కలిసి చేయాల్సినవి.

నిద్రను మాత్రం అందరికన్నా ముందు పట్టుకోండి. లేచే టైం ఒకటే, ఆదివారమైనా సరే. మధ్యాహ్నం రెండు దాటాక కాఫీ లేదు. బెంగళూరులో ఇది కష్టమే, ఆరింటికి దర్శినిలో నిలబడి ఫిల్టర్ కాఫీ తాగడం అలవాటు. ఇరవై నిమిషాల్లో నిద్ర రాకపోతే మంచం దిగి వేరే గదిలో కూర్చోవాలి. మంచం మీద మెలకువగా పొర్లుతూ ఉంటే ఒళ్లు మంచాన్ని కాపలా చోటుగా నేర్చుకుంటుంది. పీడకల ఒకటే మళ్లీమళ్లీ వస్తుంటే దాన్ని పగలు కాగితం మీద రాసి, ముగింపు తనకు నచ్చినట్టు మార్చి, రోజూ పది ఇరవై నిమిషాలు ఆ మార్చిన కలనే కళ్లు మూసుకుని నడిపించాలి. చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది, పని చేస్తుంది.

మందుల్లో సెర్ట్రలిన్, పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లకు ఆధారం ఉంది. అల్ప్రజోలం, క్లోనజెపాం లాంటి ఆందోళన, నిద్ర మాత్రలు పీటీఎస్‌డీకి ఇవ్వొద్దనే ఇప్పటి మార్గదర్శకాలు. ఆ రాత్రికి నిద్ర వస్తుంది, భయం నేర్చిన మెదడు మళ్లీ నేర్చుకోకుండా అడ్డుపడుతుంది, పైగా అలవాటవుతుంది. మందుల షాపులో తెలిసినాయన చేతిలో పెట్టేది సరిగ్గా ఇదే.

ఇంకో రెండు స్థానిక సంగతులు. ఏరో ఇండియా విమాన ప్రదర్శన రెండేళ్లకోసారి ఫిబ్రవరిలో యలహంకలో జరుగుతుంది. రిహార్సల్స్‌తో కలిపి వారం దాటి జెట్లు ఇళ్ల మీదుగా తిరుగుతాయి. ఆ రోజుల్లో ఊరెళ్లడం తప్పు కాదు, కానీ ప్రతిసారీ పారిపోవడమే పరిష్కారమైతే భయం పెరుగుతుంది. దీపావళి కూడా అంతే: ఏ టైంకి కాలుస్తారో పక్కింటివాళ్లని ముందే అడగండి. తెలిసి వచ్చే శబ్దం, తెలియకుండా వచ్చే శబ్దం ఒకటి కాదు.

---

కోరమంగళ రావు జవాబు:

ఒక సందేహం. ఇంత దూరం రాకుండా, సంఘటన జరిగిన రోజే స్క్వాడ్రన్‌లో అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి మనసులో ఉన్నదంతా కక్కించేస్తే పోలేదా? కంపెనీల్లో ప్రమాదం జరిగితే అలాగే చేస్తున్నారు కదా.

---

హోసూరు రోడ్డు సైకాలజీ:

రావు గారూ, అది వినడానికి బాగుంటుంది, ఫలితం బాగాలేదు. ఒక్క విడత కూర్చోబెట్టి అందరిచేతా భావాలు చెప్పించే పద్ధతి మీద చాలా ట్రయల్స్ జరిగాయి. పీటీఎస్‌డీ తగ్గలేదు, కొన్నిట్లో మాట్లాడించినవాళ్లే తర్వాత ఎక్కువ బాధపడ్డారు. అప్పుడే కుదుటపడటానికి ప్రయత్నిస్తున్న మనిషిచేత వివరాలన్నీ చెప్పించడం, పక్కవాడు చూసినదాన్ని ఇతని తలలోకి ఎక్కించడం దానికి కారణం కావచ్చు. అందుకే బలవంతపు డీబ్రీఫింగ్ వద్దన్నది ఇప్పటి మాట. మొదటి రోజుల్లో చేయాల్సింది తిండి, నిద్ర, స్నానం, ఇంటికి ఫోన్, ఏం జరిగిందో నిజమైన సమాచారం. మాట్లాడాలనుకున్నవాడికి చెవి ఇవ్వడం, వద్దనుకున్నవాణ్ణి వదిలేయడం. సార్టీ తర్వాత జరిగే ఆపరేషనల్ డీబ్రీఫ్ వేరే విషయం. ఎవరు ఏ ఎత్తులో ఉన్నారు, క్షిపణి ఏ వైపు నుంచి వచ్చింది అన్నది మాట్లాడతారు, అది ఆపకూడదు.

---

బోర్డు కాగితాలు జవాబు:

ఫ్లయింగ్ పోతుందా అన్న ప్రశ్న. సూటిగా చెప్తాను: తాత్కాలికంగా పోతుంది, దాదాపు ఖాయంగా. శాశ్వతంగా పోతుందా అన్నది ఎంత తొందరగా వెళ్లారన్న దాని మీద చాలా వరకూ ఆధారపడుతుంది. కరపత్రంలో "ఏమీ కాదు" అని మాత్రం రాయకండి. ఒక్కడికి గ్రౌండింగ్ (ఎగరనివ్వకుండా ఆపడం) జరిగితే చాలు, మిగతా నాలుగు పేజీలూ ఎవరూ నమ్మరు.

నడిచే తీరు ఇది. ఎయిర్ ఫోర్స్ మెడికల్ కేటగిరీలో రెండు ముక్కలుంటాయి: ఏ అంటే ఎగరడం, జీ అంటే నేల మీది డ్యూటీ. ఏ1జీ1 అంటే పూర్తి ఫిట్. ఏ4 అంటే ఎగరడానికి లేదు. జీ పక్కన అంకె పెరిగే కొద్దీ నేల డ్యూటీలో ఆంక్షలు, మానసిక కేసైతే ముందుగా ఆయుధం చేతికివ్వరు. పక్కన టీ-24 అని ఉంటే 24 వారాలకు తాత్కాలికం, గడువు కాగానే మళ్లీ మెడికల్ బోర్డు పరీక్ష. ఇంట్లోవాళ్లు ఆ ఏ4 చూసి ఉద్యోగం పోయిందని ఏడుస్తారు. టీ ఉన్నంతవరకు అది తుది తీర్పు కాదు.

మొదటి మెట్టు స్టేషన్ మెడికేర్ సెంటర్, అక్కడి మెడికల్ ఆఫీసర్. అక్కడి నుంచి సైకియాట్రిస్టుకు పంపుతారు. బెంగళూరులో అయితే పాత ఎయిర్‌పోర్టు రోడ్డు మీది కమాండ్ హాస్పిటల్ ఎయిర్ ఫోర్స్. చెన్నై వాళ్లకు సెయింట్ థామస్ మౌంట్ వైపు మిలిటరీ హాస్పిటల్ ఉంది. సైకియాట్రీ రిఫరల్‌తో పాటు కమాండింగ్ ఆఫీసర్ రాసే ఏఎఫ్ఎంఎస్ఎఫ్-10 అనే రిపోర్టు వెళ్తుంది: పనిలో ఎలా ఉన్నాడు, ప్రవర్తన ఎప్పటినుంచి మారింది, తాగుడు ఉందా, ఇంటి సమస్యలేమిటి అని. ఈ కాగితం బరువు చాలామందికి తెలీదు. అందులో "డ్యూటీ మీద ఫలానా సంఘటన తర్వాత మారాడు" అని ఉండటం, "కుటుంబ తగాదాలు" అని మాత్రమే ఉండటం రెండూ పదేళ్ల తర్వాత పెన్షన్ దగ్గర తేడా చూపిస్తాయి. కాబట్టి భార్య కానీ తండ్రి కానీ సంఘటన తేదీ, మార్పు మొదలైన తేదీ, నిద్ర వివరాలు ఒక కాగితం మీద రాసి మెడికల్ ఆఫీసర్ చేతికివ్వాలి, కాపీ తమ దగ్గర ఉంచుకోవాలి.

జరగకూడనిది: స్క్వాడ్రన్‌కి తెలియకుండా ఇందిరానగర్‌లోనో అడయార్‌లోనో ప్రైవేటు డాక్టరు దగ్గర మందు రాయించుకుని, అది వేసుకుంటూ ఎగరడం. సెర్ట్రలిన్ లాంటి మందు మీద ఉన్నంతకాలం మిలిటరీ ఫ్లయింగ్ ఉండదు, మెడికల్ ఆఫీసర్‌కి తెలియకుండా ఏ మందూ వేసుకోకూడదు, జలుబు మాత్రతో సహా. ప్రైవేటు థెరపిస్టుతో మాట్లాడటం వేరు. అయినా నిర్ధారణ అయ్యాక దాచడం ప్రమాదమే. చికిత్స ముగిసి, మందు ఆగి, లక్షణాలు లేకుండా కొంతకాలం గడిచాక విమానపురలో పరీక్షించి, ముందు ఇద్దరుండే విమానంలో, తర్వాత ఒంటరిగా మెట్లు మెట్లుగా ఎక్కిస్తారు.

రిటైరయ్యేవాళ్లకు: రిలీజ్ మెడికల్ బోర్డులో రెండు ప్రశ్నలుంటాయి. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా, లేక సర్వీసు వల్ల ముదిరిందా? శాతం ఎంత? 20కి తగ్గితే మామూలుగా వికలాంగ పెన్షన్ రాదు. చేరేటప్పటి మెడికల్‌లో జబ్బు ఉన్నట్టు రాయకపోతే ఆరోగ్యంగానే చేరాడని భావించాలని, కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదని సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది. 2023లో ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్ మారాయి, కాబట్టి పాత తీర్పు ఒకటే చేత్తో పట్టుకుని వెళ్లకుండా, తన రిలీజ్ తేదీకి ఏ రూల్స్ వర్తిస్తాయో ముందు చూసుకోవాలి. బోర్డు కాదంటే అప్పీలు, తర్వాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. చెన్నైలో దాని బెంచ్ ఉంది. వైద్యం మాత్రం ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) పాలీక్లినిక్ రిఫరల్ మీద నడుస్తుంది.

---

జాలహళ్లి సుధ:

ఇంత వివరంగా వస్తుందనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు. డ్రోన్లు నడిపేవాళ్లకి ప్రమాదమేమీ లేదు కదా, వాళ్ల గురించి రాయాలా? తాగుడు గురించి ఎంత గట్టిగా రాయాలి?

---

విమానపుర డాక్:

రాయాలి. అమెరికా వైమానిక దళం తమ డ్రోన్ సిబ్బందిని బాగానే పరిశీలించింది. వాళ్లలో పీటీఎస్‌డీ లక్షణాలున్నవాళ్లు 4, 5 శాతం దగ్గర తేలారు. వాళ్లు ప్రధానంగా మొరపెట్టుకున్నది యుద్ధ దృశ్యాల గురించి కాదు. షిఫ్టులు మారుతూ ఉండటం, చాలినంత మంది లేకపోవడం, గంటల తరబడి డ్యూటీ. దాంతో పాటు ఒకటుంది: ఫైటర్ పైలట్ బాంబు వేసి నిమిషంలో వెళ్లిపోతాడు. డ్రోన్ ఆపరేటర్ ఒక ఇంటిని వారాల తరబడి చూస్తాడు, అందులో మనిషి పిల్లల్ని బడికి పంపడం చూస్తాడు, తర్వాత కొడతాడు, కొట్టాక కెమెరా అక్కడే ఉంచి ఎవరు మిగిలారో లెక్కపెడతాడు. షిఫ్టు దిగి ఇంటికెళ్తూ దారిలో పాల ప్యాకెట్ కొంటాడు. అక్కడ పుట్టేది భయం కాదు, "నేను చేసింది సరైనదేనా" అన్నది. దీన్ని మోరల్ ఇంజరీ అంటున్నారు. భయానికి చేసే ఎక్స్‌పోజర్ ఒక్కటే దీనికి చాలదు. ఆ నిర్ణయంలో తన వంతెంత, ఆదేశం వంతెంత, అప్పుడు తెలిసిందేమిటి, తర్వాత తెలిసిందేమిటి అని విడదీసి చూసుకునే పని ఉంటుంది.

దీనికి హిరోషిమా పైలట్లను ఉదాహరణగా పెట్టడం చాలాచోట్ల చూస్తుంటాం. బాంబు వేసిన విమానం నడిపిన టిబెట్స్ తనకు పశ్చాత్తాపం లేదన్నాడు. ముందు వాతావరణం చూడ్డానికి వెళ్లిన విమానం నడిపిన ఈథర్లీ తర్వాత చిన్న నేరాల్లో, మానసిక ఆసుపత్రుల్లో తిరిగాడు. వినడానికి బాగుంటుంది కానీ ఈథర్లీ కథలో వివాదాలు చాలా ఉన్నాయి, కరపత్రంలో వద్దు.

తాగుడు గురించి గట్టిగా రాయండి, నీతి చెప్పకుండా. మద్యం నిద్ర పట్టిస్తుంది, కానీ రాత్రి రెండో సగంలో నిద్రను ముక్కలు చేస్తుంది, పీడకలలు ఎక్కువగా వచ్చేదీ ఆ సగంలోనే. అందుకని మూడు గంటలకు చెమటతో లేచి, మరుసటి రాత్రి ఇంకో పెగ్గు కలుపుతాడు. రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపితే మొదటి మూడు రోజుల్లో వణుకు, చెమటలు, మూర్ఛ రావొచ్చు. అందుకే ఇంట్లో సీసాలు పారబోసి ఆపించే ప్రయత్నం వద్దు, ఆసుపత్రిలో ఆపించాలి. సర్వీసు పిస్టలో, లైసెన్సు తుపాకో ఇంట్లో ఉంటే అదీ మద్యం ఒకే కప్పు కింద ఉండకుండా చూడాలి. చచ్చిపోవాలనుందని ఒక్కసారి అన్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి, ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు.

---

జాలహళ్లి సుధ:

చివరిగా, పీటీఎస్‌డీ లక్షణాలు కొలిచే పీసీఎల్-5 ప్రశ్నావళిని తెలుగులో వేయాలని మావాళ్లు అంటున్నారు. వేయొచ్చా?

---

హోసూరు రోడ్డు సైకాలజీ:

ఇరవై ప్రశ్నలూ వేయకండి. ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 80. 31 నుంచి 33 దగ్గర, అది దాటితే జబ్బు ఉండొచ్చని గీత గీస్తారు. ఇంట్లో అన్నయ్య 29 తెచ్చుకుని "నాకేం లేదు" అంటాడు, 34 వచ్చినాయన జబ్బు ఖాయమని కుంగిపోతాడు. అది థెరపీలో వారం వారం మార్పు చూసుకోవడానికి పనికొచ్చే కొలత, మీరు సొంతంగా చేసిన తెలుగు అనువాదానికి ఆ గీత వర్తిస్తుందని కూడా చెప్పలేం.

దాని బదులు ఐదు అవును-కాదు ప్రశ్నలు వేయండి. గత నెల రోజుల్లో: పీడకలలు కానీ, వద్దన్నా వచ్చే జ్ఞాపకాలు కానీ ఉన్నాయా? దాని గురించి ఆలోచించకుండా ఉండటానికి, గుర్తు చేసే చోట్లకి వెళ్లకుండా ఉండటానికి తంటాలు పడ్డారా? ఎప్పుడూ జాగ్రత్తగా, ఉలికిపాటుతో ఉన్నారా? మనుషుల నుంచి, పనుల నుంచి తెగిపోయినట్టు, మొద్దుబారినట్టు ఉందా? జరిగినదానికి మిమ్మల్ని కానీ ఇతరుల్ని కానీ నిందించుకోవడం ఆపలేకపోతున్నారా? మూడు, అంతకు మించి అవునంటే డాక్టరుని కలవాలి, అంతవరకే రాయండి.

దాని కిందే పెద్ద అక్షరాల్లో 14416 వేయండి, అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. సైన్యంలో ఉన్నవాళ్ల కోసం 2023 డిసెంబరులో పుణేలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్ఎంసీలో విడిగా ఒక సెల్ కూడా పెట్టారు. సర్వీసులో లేని కుటుంబ సభ్యులకు బెంగళూరులో హోసూరు రోడ్డు నిమ్హాన్స్ ఓపీడీ, చెన్నైలో కీల్పాక్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్. రెంటికీ పొద్దున్నే వెళ్లాలి, ఆలస్యమైతే ఆ రోజు చీటీ దొరకడం కష్టం. భార్యకి నిద్ర లేకపోయినా, పిల్లవాడు పక్క తడుపుతున్నా అది కూడా చూపించాల్సిన విషయమే అని ఒక వాక్యం కలపండి. డ్రాఫ్టు ఇక్కడే పెడితే మందుల పేర్లు, అంకెలు ఒకసారి చూసి పెడతాను.